కుట్టేసిన పేజీలు

ఆ కట్ట మీద సంతకం నాదే.

చాలా ఏళ్ల కిందటి మాట. నేను పని చేసే లైబ్రరీలో కొత్త పుస్తకాలకు చోటు చాలక, ఎవరూ అడగని వాటిని ఏరి లిస్టు రాయమన్నారు. ఆ పని నాకు పడింది. బీరువాల వెనక ఒక గోనెసంచి దొరికింది. అందులో పద్యనాటకాలు ఆడినవాళ్లు వాడుకున్న నోటుబుక్కులు ఉన్నాయి. ఒక్కో నటుడు తన వేషం వరకే చేత్తో రాసుకున్నవి. ఎదుటి పాత్ర మాటల్లో చివరి రెండు ముక్కలు, ఆ తర్వాత తన పద్యం, మళ్లీ ఎదుటివాడి చివరి రెండు ముక్కలు. ఏ ఒక్కదానిలోనూ నాటకం మొత్తం లేదు. వాటికి నంబర్లు లేవు, రిజిస్టర్‌లో ఎంట్రీ లేదు. "అసంపూర్ణ ప్రతులు" అని రాసి సంతకం పెట్టాను. చిత్తు కాగితాలతో పాటు తూకానికి వెళ్లిపోయాయి.

పంపే ముందు ఒకటి తెరిచి చూశాను. ఒక సీసపద్యం మూడో పాదం పక్కన ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, "ఇక్కడ గాలి తీసుకో. హార్మోనియం ఆగేదాకా ఎత్తొద్దు" అని రాసి ఉంది. దాని కింద వేరే చేతిరాతతో, పెన్సిల్‌తో, "రాగం మార్చాం" అని ఉంది. చదివాను. మూసేసి సంచిలో వేశాను. ఆ పద్యం కావాలంటే అచ్చు పుస్తకంలో ఈరోజు కూడా దొరుకుతుంది. ఆ అడ్డగీత మాత్రం ఇంకెక్కడా దొరకదని అప్పుడు నాకు తట్టలేదు.

పగలు లైబ్రరీ అయితే సాయంత్రాలు నాకు ఇంకో పని ఉంది. డబ్బింగ్ సీరియళ్లలో వచ్చే పాటలకు, అదే ట్యూన్‌లో, అదే పెదవి కదలికకు సరిపోయేలా తెలుగు మాటలు కూర్చి ఇస్తుంటాను. ఈ రెండు పనులకూ ఏ చుట్టరికమూ లేదని చాలాకాలం అనుకున్నాను. షార్ల్ న్యుయిటెర్ జీవితం గురించి చదవడం మొదలుపెట్టాక ఆ అభిప్రాయం మారిపోయింది. పందొమ్మిదో శతాబ్దపు పారిస్‌లో ఆయన ఒక చేత్తో జర్మన్ స్వరకర్త వాగ్నర్, ఇటలీ స్వరకర్త వెర్డీల ఒపెరాలను, అంటే మాటలన్నీ పాటగా పాడే నాటకాలను, ఫ్రెంచిలోకి పాడుకునేలా అనువదించాడు, మరో చేత్తో పారిస్ ఒపెరా అనే నాటకశాల లైబ్రరీని నిలబెట్టాడు. ఆయన గురించి ఎక్కడ చూసినా ఈ రెండూ రెండు వేర్వేరు వాక్యాల్లో ఉంటాయి. ఒకటి వృత్తి, ఇంకోటి ప్రవృత్తి అన్నట్టు. నా దృష్టిలో ఆయన జీవితమంతా చేసింది ఒక్కటే పని. ఎందుకలా అంటున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆయన అసలు పేరు షార్ల్ లూయీ ఎత్యెన్ త్రుయినే. 1828లో పారిస్‌లో పుట్టాడు. లా చదివి లాయరయ్యాడు. నాటకాలకు రాయడం మొదలుపెట్టినప్పుడు తన ఇంటిపేరు స్పెల్లింగులోని (Truinet) ఏడు అక్షరాలనూ అటూ ఇటూ మార్చి న్యుయిటెర్ (Nuitter) అనే పేరు చేసుకున్నాడు. ఉన్న అక్షరాల్లో ఒక్కటి కూడా పోకుండా, కొత్తది ఒక్కటి కూడా చేరకుండా, కొత్త మాట పుట్టించడం! పాటకు మాటలు కట్టే నాకు ఆ సంగతి చదవగానే ఈయన మనవాడే అనిపించింది. స్వరకర్త ఓఫెన్‌బాక్‌కు హాస్య ఒపెరాలు రాశాడు. బెల్లినీ, వేబర్, మోజార్ట్ రచనలకు ఫ్రెంచి మాటలు కట్టాడు. ఆ పేర్ల జాబితా పెద్దది, దాన్ని ఇక్కడ ఏకరువు పెట్టను. ఆయన ఎలాంటి పనిలో దిగాడో తెలియడానికి ఒక్క ఒపెరా చాలు.

1861 మార్చిలో పారిస్ ఒపెరాలో వాగ్నర్ "టాన్‌హాయిజర్" ఆడారు. అక్కడ ఏ దేశం రచనైనా ఫ్రెంచిలోనే పాడాలన్నది నియమం. మొదట అనువాదానికి కూర్చున్నది ఎడ్మండ్ రోష్, రిచర్డ్ లిందౌ అనే ఇద్దరు. రోష్ కస్టమ్స్‌లో ఉద్యోగి. వాగ్నర్ పారిస్‌లో దిగినప్పుడు సామాను తనిఖీ దగ్గర పేరు గుర్తుపట్టి, సాయం చేసి, అలా స్నేహితుడైనవాడు. వాళ్లిద్దరూ చేసిన అనువాదంలో అంత్యప్రాసలు లేవని ఒపెరావాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు న్యుయిటెర్‌ను పిలిచారు. జర్మన్ మాటలకు పుట్టిన రాగం మీద, ఆ రాగంలో ఒక్క స్వరం కూడా కదలకుండా, ప్రాస కలిసే ఫ్రెంచి పంక్తులు పేర్చాలి.

ఆ పని ఎంత కష్టమో తెలుగువాళ్లకు చెప్పడం నిజానికి తేలిక, మనకు గురులఘువులు తెలుసు కాబట్టి. జర్మన్‌లో ప్రేమను "లీబె" అంటారు. గురువు, లఘువు. బరువు మొదటి అక్షరం మీద పడి, రెండోదాని మీద జారుతుంది. ఫ్రెంచిలో అదే మాట "అమూర్". లఘువు, గురువు. బరువు చివర పడుతుంది. రాగం "లీ" మీద ఎత్తుకుని "బె" మీద వాలిపోయేలా కట్టి ఉంటే, అక్కడ "అమూర్" పెట్టగానే గాయకుడు "అ"ని సాగదీసి "మూర్"ని మింగాల్సి వస్తుంది. వినేవాడికి ఆ మాట అందదు. అర్థం నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉన్నా పాట తప్పు. కాబట్టి ఆ మాట అక్కడి నుంచి కదలాలి. అది కదిలితే వాక్యమంతా కదులుతుంది, వాక్యం కదిలితే ప్రాస పోతుంది, మళ్లీ మొదటికి రావాలి. మన "ప్రేమ" చిత్రంగా "లీబె"లో చక్కగా కూర్చుంటుంది. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష, కావడంతో ఇటాలియన్ రాగాలు కూడా మనకు చాలాచోట్ల వాటంగా అమరుతాయి. అయితే ఈ అదృష్టం రెండు పంక్తుల దాకే. మూడో పంక్తిలో క్రియ చివరికి రావాలని మన వాక్యం పట్టుబడుతుంది, రాగం శిఖరమేమో మధ్యలోనే ఉంటుంది.

ఆ "టాన్‌హాయిజర్"కు 164 రిహార్సళ్లు జరిగాయని లెక్క ఉంది. ఆల్బర్ట్ నీమన్ అనే జర్మన్ గాయకుడు నాయకుడి వేషాన్ని ఫ్రెంచిలో పాడాడు. తీరా ఆడితే ఏమైంది? రెండో అంకంలో బ్యాలే నృత్యం ఉండటం అక్కడి ఆనవాయితీ. భోజనం ముగించుకుని ఆ వేళకు వచ్చే జాకీ క్లబ్ అనే సంపన్నుల క్లబ్బు పెద్దమనుషులు, వాగ్నర్ బ్యాలేను మొదటి అంకంలోనే పెట్టాడన్న కోపంతో ఈలలు వేసి గోల చేశారు. మూడు ప్రదర్శనల తర్వాత వాగ్నర్ దాన్ని వెనక్కి తీసుకున్నాడు. తన పేరు గుర్తించాలంటూ లిందౌ కోర్టుకెక్కి ఓడిపోయాడు. రోష్ ఆ ఏడాది ముగిసేలోపే చనిపోయాడు, ముప్పై మూడేళ్లకే. ఆ ఈలల మధ్య రోష్ మాటలు గానీ న్యుయిటెర్ మాటలు గానీ ఎంతమందికి వినపడి ఉంటాయో తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. అన్ని నెలలు, అన్ని రిహార్సళ్లు పట్టిన మాటలు అవి.

న్యుయిటెర్ మానలేదు. "రియెంజీ" చేశాడు, "లోహెంగ్రిన్" చేశాడు. 1887లో "లోహెంగ్రిన్"ను పారిస్‌లో ఆడినప్పుడు జర్మనీ మీద కోపంతో బయట జనం అల్లరి చేస్తే ఒక్క ప్రదర్శనతో ఆగిపోయింది. నాలుగేళ్ల తర్వాత ఒపెరాలో మళ్లీ ఎత్తుకుంటే నిలబడింది. శత్రుదేశం పాట అని వీధిలో అరుస్తుంటే, లోపల గాయకుల నోట పలికింది ఒక పారిస్ లాయరు కట్టిన ఫ్రెంచి మాటలు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. 1865లో పారిస్‌లో ఆడటానికి వెర్డీ తన "మాక్‌బెత్"ను తిరగరాశాడు. ఫ్రెంచి మాటలు న్యుయిటెర్, ఆయన సహరచయిత బోమోఁ చూసుకున్నారు. మొదటి అంకంలో రాజును చంపి, నెత్తుటి చేతులతో మాక్‌బెత్ బయటికి వస్తాడు. నీకిక నిద్ర లేదని ఏదో గొంతు అన్నట్టు వినపడిందంటాడు. భార్య ఎగతాళి చేస్తుంది. "ఫొల్లీయె, ఫొల్లీయె" అంటుంది. పిచ్చి, పిచ్చి, తెల్లవారితే ఎగిరిపోయే పిచ్చి అని. ఈ ఒక్క మాట గురించి వెర్డీ పారిస్‌లోని తన ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. అనువాదకుడు మిగతావి ఏం మార్చుకున్నా ఆ మాటను అలాగే, రెండుసార్లూ ఉంచాలని కోరాడు. ఆ ఘట్టంలో సంగీతం పనిచేయడానికి కీలకం ఆ మాటలో, ఆమె వేసే ఆ నరకపు ఎగతాళిలో ఉండవచ్చన్నది ఆయన నమ్మకం.

ఫ్రెంచి అనువాదకుడికి ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. ఆ భాషలోనూ ఆ మాట "ఫొలీ"యే. బరువు అదే "లీ" మీద. మాట్లాడేటప్పుడు వినిపించని చివరి అచ్చుకు పాటలో ఒక స్వరం దక్కుతుంది, కాబట్టి అక్షరాల లెక్క కూడా సరిపోతుంది. అదే నేనైతే ఏం చేసేవాణ్ణని చాలా రాత్రులు ఆలోచించాను. "పిచ్చి" అంటే "చ్చి" దగ్గర నోరు మూసుకుపోతుంది, ఆ నవ్వు బయటికి రాదు. "వెర్రి" అన్నా అంతే. "భ్రమ" చప్పగా ఉంది. "భ్రాంతీ, భ్రాంతీ" అంటే "ఈ" దొరుకుతుంది, కానీ భర్త నెత్తుటి చేతులు చూస్తున్న ఆడమనిషి అంత గ్రాంథికంగా మాట్లాడదు. నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. ఈ వెతుకులాటలో ఉన్నవాడికి ఒకటి మాత్రం తెలిసిపోతుంది. కాగితం మీద మాట అంటే అర్థం ఒక్కటే కాదు. దానిలో నోరు తెరుచుకునే తీరు ఉంది, గాలి ఆగే చోటు ఉంది. ఇవి అచ్చు పుస్తకంలో కనపడవు. రిహార్సల్ జరిగే చోట, గాయకుడి చేతిలో నలిగిన కాగితం మీద కనపడతాయి.

నా వాదనలో అసలు మెలిక ఇక్కడే ఉంది. 1860ల మధ్యలో పారిస్ ఒపెరా పాత కాగితాలను సర్దే బాధ్యత న్యుయిటెర్ చేతికి వచ్చింది. చనిపోయేదాకా, ముప్పై ఏళ్లకు పైగా, దాన్ని వదల్లేదు. పుస్తకాల మనిషి ఎవరైనా ఆ పనికి వచ్చి ఉంటే ఏం దాచేవాడు? బంగారు అంచుల స్వరలిపి ప్రతులు, పేరున్న స్వరకర్తల చేతిరాతలు. న్యుయిటెర్ వాటితో పాటు జమాఖర్చు పుస్తకాలు, పోస్టర్లు, దుస్తుల బొమ్మలు, రంగాలంకరణ నమూనాలు, ఒప్పందాలు, ఉత్తరాలు అన్నిటినీ పోగు చేశాడు. బయట అమ్మకానికి వచ్చిన వాటిని సొంత డబ్బు పెట్టి కొన్నాడు. తన సేకరణ మొత్తాన్ని లైబ్రరీకే రాసిచ్చి పోయాడు. అదే కాలంలో తియొడోర్ ద లజార్త్ అక్కడి స్వరలిపి ప్రతులన్నిటికీ కేటలాగు తయారు చేశాడు. అన్నేళ్ల సంగీతాన్ని ఒక్కొక్కటిగా తీసి, చూసి, రాసుకుంటూ పోవడం ఎంత పనో నాలాంటివాడికి చెప్పక్కర్లేదు.

న్యుయిటెర్ చూపు అంత దూరం వెళ్లడానికి కారణం ఆయన అనువాదకుడు కావడమేనని నా నమ్మకం. రిహార్సల్‌లో కూర్చుని తన మాటలు రోజురోజుకూ మారడం చూసినవాడికి, ఫలానా ఒపెరా అంటే అచ్చైన పుస్తకమే అన్న భ్రమ ఉండదు. ఏ రాత్రి ఏం పాడారో చెప్పేది పని కాగితాలే.

1873 అక్టోబరులో రూ ల పెలెతియే అనే వీధిలో ఉన్న పాత ఒపెరా భవనం కాలిపోయింది. రాత్రి అంటుకుని మర్నాడు కూడా మండింది. రంగాలంకరణ చాలావరకు బూడిదైంది. అదృష్టం కొద్దీ కాగితాలు దక్కాయి. 1875 జనవరిలో గార్నియే అనే వాస్తుశిల్పి కట్టిన కొత్త భవనం తెరిచారు. ఆ భవనంలో లైబ్రరీకి దక్కిన చోటు గురించి చెప్పాలి. 1858లో ఒపెరాకు వస్తున్న మూడో నెపోలియన్ బండి మీద ఓర్సినీ అనే ఇటలీ విప్లవకారుడు, అతని మనుషులు బాంబులు వేశారు. చక్రవర్తి బతికాడు గానీ చుట్టూ జనం పోయారు. అందుకని కొత్త భవనానికి పడమటి వైపు చక్రవర్తికి విడిగా ఒక మండపం, బండి నేరుగా గుమ్మం దాకా ఎక్కే వాలుబాట పెట్టారు. అది పూర్తికాకముందే 1870లో ఆయన రాజ్యం పోయింది. కొన్ని రాళ్లను చెక్కకుండా అలాగే వదిలేశారు, ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి. ఆయన ఆ గుమ్మం తొక్కకుండానే ఇంగ్లండులో చనిపోయాడు. ఆ గదుల్లోకి న్యుయిటెర్ కాగితాలు వచ్చాయి. 1880ల మొదట్లో అక్కడ లైబ్రరీ, మ్యూజియం తెరుచుకున్నాయి. ఇప్పుడది ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో భాగం. ప్రాణభయంతో కట్టించిన గదుల్లో నటుల ఒప్పందాలు, పోస్టర్లు భద్రంగా కూర్చున్నాయంటే నాకు ఎంతో తృప్తిగా ఉంటుంది.

ఆయన్ను తక్కువ చేసేవాళ్లు అనే మాట ఒకటి ఉంది. రచయితగా రెండో వరసవాడు, గొప్పవాళ్ల పక్కన నిలబడ్డాడు, అంతే అని. ఆయన పాడించిన ఫ్రెంచి మాటలు ఇవాళ దాదాపు ఎవరూ పాడరు, నిజమే. వాగ్నర్‌ను జర్మన్‌లో, వెర్డీ ఇటాలియన్ ఒపెరాలను ఇటాలియన్‌లో పాడటం ప్రపంచమంతా అలవాటైపోయింది. న్యుయిటెర్ పేరుతో ఇవాళ్టికీ అన్నిచోట్లా ఆడుతున్నది "కొప్పేలియా" ఒక్కటే. 1870 మేలో నృత్యకర్త సేంత్ లేయోఁతో కలిసి దాని కథ రాశాడు, దెలీబ్ సంగీతం చేశాడు. అది బ్యాలే. అందులో ఒక్క మాట కూడా ఉండదు. జీవితమంతా మాట కోసం తపించిన మనిషిది, మాటలు లేని రచన బతికింది. ఆ ఏడాదే జర్మన్లతో యుద్ధం వచ్చింది. సెప్టెంబరులో సేంత్ లేయోఁ పోయాడు. ముట్టడిలో ఉన్న పారిస్‌లో, నవంబరులో, నాయిక వేషం వేసిన జుసెప్పీనా బొజ్జాకీ మశూచితో పోయింది. ఆమెకు సరిగ్గా పదిహేడేళ్లు నిండిన రోజు అది. ఆ మొదటి ప్రదర్శన తాలూకు జ్ఞాపకం మిగిలిందంటే ఒపెరా కాగితాల్లోనే.

రెండో వరస అన్నమాటకు నా జవాబు "ఐదా". ఆ ఒపెరా కథను ఈజిప్టు పురాతత్వవేత్త మారియెట్ ఫ్రెంచిలో అల్లాడు. ద్యు లొక్ల్ ఫ్రెంచి వచనంలో పెంచాడు. గిస్లాంజోనీ ఇటాలియన్ పద్యాల్లోకి మార్చాడు. వెర్డీ దాని మీద సంగీతం కట్టాడు. ఆ తర్వాత న్యుయిటెర్, ద్యు లొక్ల్ కలిసి దాన్ని మళ్లీ ఫ్రెంచిలోకి తెచ్చారు. 1880 మార్చిలో పారిస్ ఒపెరాలో వెర్డీయే స్వయంగా వాద్యబృందాన్ని నడిపించాడు. ఫ్రెంచిలో పుట్టిన కథ ఫ్రెంచికి తిరిగి వచ్చింది. వచ్చేసరికి రాగం మారలేనంత గట్టిపడి ఉంది, మాటలే దానికి ఒదగాలి. ఇందులో ఎవరిది మొదటి వరస, ఎవరిది రెండోది? వెర్డీ మటుకు న్యుయిటెర్‌ను తీసిపారేయలేదు. తర్వాత "డాన్ కార్లోస్"ను మళ్లీ రాస్తున్నప్పుడు, దాని మాటలు రాసినవారిలో ఒకడైన ద్యు లొక్ల్‌తో డబ్బు విషయంలో మాటలు లేని వెర్డీకి, మధ్యలో ఉండి ఉత్తరాలు నడిపి పని జరిపించింది న్యుయిటెరే.

1983 జనవరిలో టొరంటోలో "ఎలెక్ట్రా" అనే జర్మన్ ఒపెరా ఆడుతూ వేదిక పైన అక్షరాలు వేశారు. గాయకులు జర్మన్‌లో పాడుతుంటే జనం అర్థం చదువుకున్నారు. ఆ పద్ధతి నాలుగు మూలలకూ పాకింది, పాడే అనువాదం పని దాదాపు అయిపోయింది. పై అక్షరాలను నేను కాదనను. తెలియని భాషలో మూడు గంటలు కూర్చోవడం కంటే అది వెయ్యి రెట్లు మేలు. కానీ పైకి చూసి చదివిన మాట, గొంతులోంచి వచ్చిన మాట ఒకే క్షణంలో తగలవు. పైన జోక్ కనపడగానే జనం నవ్వుతారు, పాడేవాడు ఇంకా దాని దగ్గరికి రానే రాడు. ఆ అక్షరాలు రాసేవాళ్లకు గాలి ఎక్కడ తీసుకోవాలన్న టెన్షన్ లేదు, "ఈ" కావాలా "ఆ" కావాలా అన్న పేచీ లేదు. డబ్బింగ్ పాటలను చూసి నవ్వేవాళ్లు నా చుట్టూ చాలామందే ఉన్నారు. నవ్వాల్సిన పాటలు ఉన్నాయి, నేను రాసినవాటిలోనూ ఉన్నాయి. అయినా ఒక పిల్ల ఆ పాటను తన భాషలో, తన నోటితో పాడుకుంటూ వెళ్తుంటే, కింద వేసిన సబ్‌టైటిల్ ఏదీ ఆ పని చేయలేదని మాత్రం గట్టిగా చెప్తాను. సబ్‌టైటిల్‌ను ఎవరూ కూనిరాగం తీయరు.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయలేను. లైబ్రేరియన్ ఒక కామా కూడా మార్చకూడదు, అనువాదకుడు మాటలన్నీ మారుస్తాడు, ఈ రెండూ ఒకే పని ఎలా అవుతాయి అని ఒక స్నేహితుడు నన్ను నిలదీశాడు. నిజమే, మామూలు అనువాదమైతే ఆ మాట ఒప్పుకునేవాణ్ణి. పాడే అనువాదకుడి ముందు మాత్రం ముట్టుకోకూడనిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. స్వరం. దాన్ని కాపాడటం కోసమే అతను మాటను మారుస్తాడు. కాగితంలో ఏది కదులుతుంది, ఏది కదలదు అన్న తేడా అతనికి వేళ్లకు తెలుస్తుంది. ఆ స్నేహితుడికి నేను చివరికి చెప్పింది "డాన్ కార్లోస్" కథ. నేను ఎంత వాదించినా అంత బాగా చెప్పలేను.

"డాన్ కార్లోస్"ను వెర్డీ పారిస్ కోసం ఫ్రెంచిలోనే రాశాడు. 1867 మార్చి 11న మొదటి ప్రదర్శన. రిహార్సళ్లలో తేలిందేమిటంటే అది చాలా పొడుగు. అర్ధరాత్రికల్లా ముగియకపోతే శివార్ల నుంచి వచ్చినవాళ్లకు ఆఖరి రైలు దొరకదు. వెర్డీ కోతలు పెట్టాడు. తన చేతిరాత ప్రతిలోంచి ఆ పేజీలను తీసేశాడు. తెర లేవకముందే కోసిన ఆ సంగీతం పోయిందనే అందరూ అనుకున్నారు, వందేళ్ల పాటు.

1970కి అటూ ఇటూగా డేవిడ్ రోసెన్ అనే పరిశోధకుడికి పారిస్ ఒపెరా లైబ్రరీలో, ఆనాడు వాద్యబృందాన్ని నడిపినవాడు వాడిన ప్రతిలో, రాజు, పోజా అనే పాత్రలు పాడే యుగళంలో కోసేసిన భాగం మడిచిపెట్టి కనిపించింది. ఆండ్రూ పోర్టర్ అనే విమర్శకుడు మిగతాదాని కోసం వాద్యకారుల ప్రతులు తీయించాడు. వయొలిన్ వాయించేవాడి కాగితంలో వయొలిన్ వరస మాత్రమే ఉంటుంది. కొమ్ము ఊదేవాడి దాంట్లో కొమ్ముది మాత్రమే. ఏ ఒక్కదానిలోనూ ఒపెరా మొత్తం ఉండదు. కోసిన చోట పేజీలను చింపేయలేదు. అతికించారు, గుండుసూది గుచ్చారు, కుట్టేశారు. ఆ రోజుల్లో కాపీ రాసేవాళ్లకు అదే తేలిక పని. పోర్టర్ ఒక్కో వాద్యం వరసనూ పక్కపక్కన రాసుకుంటూ వెళ్లి, పోయిందనుకున్న సంగీతాన్ని తిరిగి నిలబెట్టాడు. అందులో పోజా శవం ముందు రాజు దుఃఖించే ఘట్టం ఉంది. ఆ రాగాన్ని వెర్డీ 1874లో తన "రెక్వియెం" అనే మృతుల ప్రార్థన సంగీతంలోని "లాక్రిమోజా" భాగానికి వాడుకున్నాడు. లోకమంతా విన్న రాగం పుట్టిన చోటు, ఒక లైబ్రరీలో, కుట్టేసిన పేజీల మధ్య అన్నేళ్లూ ఉంది. న్యుయిటెర్ ముప్పై ఏళ్లు కనిపెట్టుకుని ఉన్న లైబ్రరీ అది.

ఈ పోర్టర్ కూడా ఒపెరాలను పాడుకునేలా అనువదించినవాడే. వాగ్నర్ "రింగ్" నాలుగు భాగాలనూ ఇంగ్లిషులోకి తెచ్చాడు. 1928లో పుట్టాడు, న్యుయిటెర్‌కు సరిగ్గా వందేళ్ల తర్వాత. కుట్టేసిన పేజీ దగ్గర ఆగి, ఇక్కడ ఏదో పాడి ఉంటారు అనుకున్నవాడు అనువాదకుడు కావడం నాకు వింతగా అనిపించలేదు.

వాద్యకారుల ప్రతుల గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వయొలిన్‌వాడి కాగితంలో వయొలిన్ మాత్రమే. దుర్యోధనుడి నోటుబుక్కులో దుర్యోధనుడు మాత్రమే. ఎదుటివాడి చివరి రెండు ముక్కలు కూడా రాసి ఉన్నాయి కదా, ఏది దేని తర్వాత వస్తుందో వాటితోనే తెలిసేది. ఆ సంచిలో ఎన్ని వేషాలు ఉన్నాయో నేను లెక్క కూడా పెట్టలేదు. అన్నీ పక్కపక్కన పెడితే ఒక రాత్రి ఆడిన నాటకం మొత్తం, ఊపిరి తీసుకున్న చోట్లతో సహా, వచ్చి ఉండేదేమో. "అసంపూర్ణ ప్రతులు" అని నేను రాసిన మాట కళ్ల ముందు ఆడుతూనే ఉంది.

కిందటి నెలలో ఒక పెద్దాయన లైబ్రరీకి వచ్చారు. సంచిలోంచి అట్ట ఊడిన నోటుబుక్కు తీసి, "మా నాన్నగారిదండీ, అర్జునుడి వేషం కట్టేవారు. పాతికేళ్లుగా అటక మీద ఉంది. మీకు పనికొస్తుందా, లేక పారేయమంటారా?" అని అడిగారు. తీసుకున్నాను. కూర్చోబెట్టి, ఆయనకు గుర్తున్నంత వరకు మిగతా వేషాలు ఎవరు కట్టేవారో, హార్మోనియం ఎవరు వాయించేవారో రాసుకున్నాను. వాళ్ల ఇళ్లకు కూడా వెళ్తానని చెప్పాను. ఆయన వెళ్లాక కార్డు రాశాను. "పాత్ర ప్రతి, అర్జునుడు, ఒక వేషం. నలభై రెండు పేజీలు, నీలి సిరా. పద్యాల పక్కన ఊపిరి గుర్తులు ఎర్ర సిరాలో, రాగం మార్పులు పెన్సిల్‌తో, కనీసం ఇద్దరి చేతిరాత. పద్దెనిమిది, పంతొమ్మిది పేజీలు దారంతో కుట్టి ఉన్నాయి. విప్పలేదు."